మిషను ఆగితే లేచే దొర

ఆ వేసవి సెలవుల్లో నా ఉద్యోగం బొత్తాం నొక్కడం. వేళాకోళానికి చెప్పడం లేదు, నిజంగానే అంతే. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు అయిపోగానే మా సైకాలజీ మేడమ్ పిలిచి, తన ల్యాబులో సహాయకురాలిగా చేరతావా అని అడిగారు. నేను ఎగిరి గంతేసి, ఒక్క పరుగున ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ కుట్టుమిషను మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఏం పనే అక్కడ?"

"పసిపిల్లలు దీపం వైపు చూసినంతసేపూ బొత్తాం నొక్కి పట్టుకోవాలి. చూపు తిప్పగానే వదిలెయ్యాలి."

"అంతేనా?"

"అంతే."

"బొత్తాల పనే కావాలంటే నా దగ్గర డబ్బాల నిండా ఉన్నాయి కదే! దీనికోసమా ఇంత చదువు?"

పక్కన కూర్చున్న అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. దాని ఒళ్లో ఉన్న కొడుకు మాత్రం నవ్వలేదు, ఉలకలేదు, పలకలేదు. అమ్మ మిషను చక్రం తిరుగుతుంటే దానివైపే కళ్లప్పగించి చూస్తున్నాడు.

మా ఇంట్లో అప్పుడు నలుగురం. అమ్మ, అక్క, నేను, ఎనిమిది నెలల దొర. బావ వంతెనలు కట్టే కంపెనీలో పని చేస్తాడు. వంతెన ఎక్కడుంటే అక్కడ రేకుల షెడ్డులో మకాం గనక, ఆ వంతెన ఏదో పూర్తయ్యేదాకా అక్క, దొర మా దగ్గరే ఉన్నారు.

దొర అని పేరు పెట్టింది నేనే. పిలిస్తే పలకడు. మనం గొంతు చించుకుని పిలవగా పిలవగా, ఆయనగారికి తీరిక దొరికితే, మెల్లగా తల తిప్పి "ఏమిటి సంగతి?" అన్నట్టు చూస్తాడు. ఊరికే ఏడవడు. చీటికీ మాటికీ ఉలిక్కిపడడు. మెట్ల మీద కలిసిన వాళ్లందరూ ఎంత బుద్ధిమంతుడమ్మా అంటుంటే అక్క మురిసి ముక్కలయ్యేది. "మావాడు పిడుగు పడ్డా లేవడండీ" అని చెప్పుకునేది.

పిడుగుకు లేవడు గానీ మిషను ఆగితే లేస్తాడు. అదో వింత. మాది పాతకాలపు మేడ మీద ఇల్లు. చెక్క నేల. అమ్మ కాలితో తొక్కే మిషను పక్కనే వాడి పరుపు. మిషను నడుస్తున్నంతసేపూ ఆదమరిచి నిద్రపోతాడు. అమ్మ కాలు తీసిందా, కళ్లు తెరుస్తాడు. అందుకని కుట్టవలసినవి అయిపోయినా, వాడి నిద్ర చెడకూడదని అమ్మ సూదిలో దారం తీసేసి ఉత్తి మిషనే తొక్కుతూ కూర్చునేది. "పనీ పాటా లేకుండా చెమటోడ్చడమంటే ఇదే" అని సణుగుతూనే తొక్కేది.

సాయంత్రం అయితే బావ ఫోను చేసేవాడు. అక్కతో రెండు ముక్కలు మాట్లాడి, "ఇక దొరగారికి ఇవ్వు" అనేవాడు. అక్క ఫోను వాడి చెవికి ఆనించేది. బావ ఆ రోజు క్రేను ఎంత పెద్ద దూలాన్ని ఎత్తిందో చెప్పి, రాగం తెలియని ఒక పాట కూడా పాడేవాడు. దొర అల్లరి మానేసి, బుగ్గ ఫోనుకు అదిమి, గమ్మున ఉండిపోయేవాడు.

"చూడవే, నాన్న గొంతంటే ఎలా ప్రాణం పెడుతున్నాడో!" అనేది అక్క.

*

ల్యాబంటే నేను గాజు గొట్టాలూ తెల్ల కోట్లూ ఊహించుకున్నాను. తీరా చూస్తే అది ఒకప్పటి సామాన్ల గది. గోడలకు బూడిదరంగు మందపాటి గుడ్డ కొట్టారు. మధ్యలో ఒక కుర్చీ. ఎదురుగా ఒక దీపం, కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి. దీపాల వెనక స్పీకర్లు. తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటుంది. ఏదో ఒక పక్క దీపం మిణుకుమిణుకుమంటుంది. బిడ్డ అటు చూడగానే స్పీకరులో మాటలు మొదలవుతాయి, చూపు తిప్పుకుంటే ఆగిపోతాయి. కొన్ని మామూలు మాటలు, కొన్ని టేపును వెనక్కి తిప్పినట్టుండే తిరగేసిన మాటలు. మాటలు ఇంకా రాని పసివాళ్లకు ఈ రెంటికీ తేడా తెలుస్తుందా, తెలిస్తే దేన్ని ఎక్కువసేపు వింటారు? మేడమ్ తెలుసుకోవాలనుకున్నది అదే. గోడకు అవతల చిన్న గదిలో, ఈ గదిని చూపించే టీవీ ముందు నేనూ, ఆ మాటల్ని నడిపే నా బొత్తామూ.

నాకు పని నేర్పింది పరిశోధన చేస్తున్న సీనియర్ ఒకతను. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉండేది. టీ పొడి మరిగేటప్పుడు కూడా దాన్ని నొక్కేవాడు. అందుకని అందరూ అతన్ని స్టాప్‌వాచ్ అనే పిలిచేవాళ్లు, అతనూ పలికేవాడు.

మొదటి రోజే అతని తల తినేశాను. చిన్నప్పటి నుంచీ అమ్మ నన్ను ప్రశ్నల పుట్ట అని తిట్టేది ఊరికే కాదు.

"అన్నా, తల్లి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపిస్తారెందుకు? కళ్లెందుకు మూసుకోమంటారు?"

"తల్లికి తెలిస్తే పిల్లకు తెలిసిపోతుంది."

"తల్లి నోరు మెదపదుగా?"

"నోరెందుకమ్మా? తనకు నచ్చిన మాట వినగానే తొడ కాస్త బిగుస్తుంది. ఊపిరి మారుతుంది. ఒళ్లో కూర్చున్న పిల్లకు అదంతా అచ్చు వేసిన పుస్తకం. అప్పుడు మనం కొలిచేది పిల్లని కాదు, తల్లిని."

"మరి నాకెందుకు ఈ హెడ్‌ఫోన్లు? నేను ఇవతలి గదిలో ఉన్నానుగా?"

"నీకు తెలిస్తే నీ వేలికి తెలుస్తుంది. చాలా, ఇంకా ఉన్నాయా?"

ఇంకా ఉన్నాయి. కానీ అతను స్టాప్‌వాచ్ చూపించాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి అందరి తొడలూ ఊపిరీ గమనించడం మొదలుపెట్టాను. అమ్మ కొత్త బేరం రాగానే పాదం ఎలా ఆపుతుందో, అక్క బావ ఫోను కోసం ఎదురుచూసేటప్పుడు దొర వీపు మీద వేళ్లు ఎలా ఆడిస్తుందో చూస్తుంటే, మనుషులు నోరు మూసుకుని కూడా ఎంత వాగుతారో అనిపించింది. అబ్బ, ఆ రోజులు భలే ఉండేవి!

ల్యాబులో మేడమ్ పెట్టిన నియమం ఒకటుంది. సెషన్ అయిపోయాక ప్రతి తల్లీ ఆత్రంగా అడుగుతుంది: "మావాడు బాగా చేశాడా? పాసయ్యాడా?" దానికి మేము చెప్పవలసింది ఒక్కటే: "మీ పాపాయి మాకు చాలా సాయం చేసింది." అంతకుమించి ఒక్క ముక్క చెప్పకూడదు. ఆ తర్వాత "బుల్లి శాస్త్రవేత్త" అని అచ్చు వేసిన రంగుల పత్రం ఒకటి చేతిలో పెట్టి, టాటా చెప్పాలి.

*

ఎండలు ముదిరేసరికి జనం ఊళ్లు పట్టుకుని పోయారు. ల్యాబుకు పిల్లల కరువొచ్చింది. ఎవరి ఇంట్లో పసివాళ్లుంటే వాళ్లను బతిమాలి తీసుకురమ్మన్నాడు స్టాప్‌వాచ్. నేను అక్క కాళ్లా వేళ్లా పడ్డాను.

"సూదులు గుచ్చుతారేమో!"

"దీపం చూపిస్తారక్కా, అంతే. మన దొరకు పత్రం కూడా ఇస్తారు."

పత్రం అనేసరికి మెత్తబడింది. తెల్లారి వాడికి ఉన్నవాటిలో మంచి చొక్కా తొడిగి, దువ్విన తలే మళ్లీ దువ్వి తీసుకొచ్చింది. ల్యాబులో దొరను చూసి స్టాప్‌వాచ్ కూడా ముచ్చటపడ్డాడు. ఎవరినీ ఎత్తుకోనివాడు వీణ్ని ఎత్తుకుని గదంతా తిప్పాడు. అక్క కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పరీక్ష రాస్తున్నదానిలా బిగుసుకుపోయింది. నేను ఇవతలి గదిలో బొత్తాం మీద వేలు పెట్టాను.

ఎడమ దీపం వెలిగింది. దొర చూశాడు. నేను నొక్కాను.

నొక్కీ నొక్కగానే నా హెడ్‌ఫోన్లలోంచి కూడా వినపడేంత పెద్ద శబ్దం గోడ అదిరేలా వచ్చింది. నా చేతిలో బొత్తాం జారిపోయింది. టీవీలో అక్క కుర్చీలోంచి ఎగిరిపడింది. దొర ఊగిపోయి, వెనక్కి తిరిగి అక్క మొహం చూసి ఏడుపు మొహం పెట్టాడు.

జరిగింది ఏమిటంటే, స్టాప్‌వాచ్ రోజూ పొద్దున్నే స్పీకర్ల వాల్యూమ్ మీటను పూర్తిగా పైకి తిప్పి, గరగర లేదని చూసుకుని, మళ్లీ గోళ్ల రంగుతో పెట్టుకున్న ఎర్ర చుక్క దగ్గరికి దించుతాడు. ఆ రోజు దొరను ఆడిస్తూ దించడం మర్చిపోయాడు.

అక్క బయటికి వస్తూనే విరుచుకుపడింది. "ఏంటయ్యా ఇది? పసివాడి గుండె ఆగిపోతే ఎవరు జవాబు చెప్తారు?"

స్టాప్‌వాచ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "తప్పయిపోయిందక్కా. పాపం బాబు ఎంత ఉలిక్కిపడ్డాడో" అని చేతులు జోడించాడు. సెషన్ పనికిరాదని కొట్టేశారు. దొర మాత్రం పత్రం మూల నములుతూ ఏమీ జరగనట్టు ఇంటికి వచ్చాడు. అక్క కోపం సాయంత్రానికి చల్లారింది. ఆ పత్రాన్ని మిషను పైన గోడకు అంటించింది.

*

పనికిరాని సెషన్ల వీడియోలను పారెయ్యరు. కొత్తవాళ్లు వాటి మీద సాధన చేస్తారు. ఒక్కో క్షణాన్ని పాతిక బొమ్మలుగా విడగొట్టి, ఒక్కొక్క బొమ్మే జరుపుతూ, పిల్ల చూపు ఎక్కడ కదిలిందో గుర్తు పెట్టాలి. కళ్లు కాయలు కాసే పని. కానీ నాకు దాని మీద మోజు. మామూలుగా చూస్తే రెప్పపాటులో అయిపోయే సంగతులు అందులో ఎంత నింపాదిగా జరుగుతాయో!

వారం తర్వాత స్టాప్‌వాచ్ నా ముందు రెండు వీడియోలు పెట్టాడు. మొదటిది ఎవరో పాపది. బయట వరండాలో ఎవరో పళ్లేల బుట్ట పడేసినందుకు పాడయింది. బొమ్మ తర్వాత బొమ్మ జరిపాను. ముందు పాప రెప్పలు టపటపలాడాయి. తర్వాత దాని భుజాలు ముడుచుకున్నాయి. తల్లి పాటలు వింటూ కళ్లు మూసుకునే ఉంది, ఆమెకేమీ తెలియదు.

రెండోది దొరది.

శబ్దం మొదలైన బొమ్మ దగ్గర ఆపి, ఒక్కొక్కటే జరిపాను. ముందు అక్క మెడ బిగిసింది. తర్వాత భుజాలు లేచాయి. మోచేతులు లేచాయి. దొర దీపం వైపే చూస్తున్నాడు. రెప్ప వెయ్యలేదు. ఇంకా దీపం వైపే చూస్తున్నాడు. అక్క మోకాళ్లు లేచాయి. అప్పుడు, మోకాళ్లతో పాటు దొర లేచాడు. ఊగాడు. తూలిపోయి, తిరిగి అక్క మొహం చూశాడు.

దొర ఉలిక్కిపడలేదు. అక్క ఉలిక్కిపడితే వాడు ఊగాడు.

మొదట నాకు భయం వెయ్యలేదు. చిక్కుముడి విప్పినట్టు ఒళ్లు జల్లుమంది. వెనక్కి జరిపి మళ్లీ చూశాను. మళ్లీ అదే. అప్పుడు గుర్తొచ్చింది, వీడు మా దొర అని. స్టాప్‌వాచ్‌ను పిలిచాను. అతను వంగి, తనే జరుపుకుంటూ చూశాడు. మెడలోని వాచీని అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్ దగ్గరికి వెళ్లు" అన్నాడు చివరికి.

మేడమ్ నేను చెప్పినదంతా విన్నారు. ఆవిడ మనం మాట్లాడుతుంటే తల ఊపరు, ఊ కొట్టరు. ల్యాబు అలవాటు. అందువల్ల చెప్పడం ఇంకా కష్టమైంది.

"ఒక్కసారి జరిగింది దేనికీ రుజువు కాదు" అన్నారు. "మనం డాక్టర్లం కాదు. ఈ గదిలో చూసింది ఆ తల్లికి చెప్పకూడదని నియమం పెట్టింది నేనే."

"అంటే చెప్పొద్దంటారా మేడమ్?"

"ల్యాబు తరఫున నువ్వు చెప్పొద్దు. నేనే పిలిచి మాట్లాడనా అంటే, పరాయిదాన్ని, మొన్ననే వాళ్లను హడలెత్తించిన ల్యాబు దాన్ని, నా మాట వింటుందా? నువ్వు ఆ పిల్లాడికి ఏమవుతావు?"

"పిన్నినండీ."

"పిల్లాడికి ఒకసారి చెవి పరీక్ష చేయించండి అనడానికి పిన్నికి సైకాలజీ అక్కర్లేదు. కాకపోతే ఆలస్యం చెయ్యకు. మాటలు చెవి ద్వారానే వస్తాయి. ఈ వయసులో పోయిన నెల మళ్లీ రాదు."

*

దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికి అన్నీ చెదిరిపోయాయి. అక్క దొరకు అన్నం మెత్తగా పిసికి పెడుతోంది.

"అక్కా, వీడికి ఒకసారి చెవి పరీక్ష చేయిస్తే..."

"ఎందుకు? చీము గానీ కారుతోందా?" అని వాడి చెవులు తిప్పి చూసింది.

నీళ్లు నమిలాను. చివరికి వీడియో సంగతి కక్కేశాను. అక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అంటే, నా కొడుకు చెవిటివాడంటావు."

"అలా అనలేదక్కా, ఒక్కసారి పరీక్ష..."

"నీకు పరీక్షలు ఎక్కువయ్యాయే! బొత్తాం నొక్కడం రాగానే పెద్ద డాక్టరువైపోయావా? దొరా!" అని వాడి మీదికి వంగి పిలిచింది. దొర తలెత్తి ఆమె మొహంలోకి చూసి బోసి నవ్వు నవ్వాడు. "చూశావా? ఇప్పుడేమంటావు?"

నువ్వు వంగావు గనక చూశాడు అనలేకపోయాను. అమ్మ మిషను ఆపి ఇటు తిరిగింది. పరుపు మీద లేని దొరకు ఆ సంగతి పట్టలేదు.

"ఏమే, వినపడకపోతే మిషను ఆగిందని వాడికెలా తెలుస్తుందే? నేను కాలు తియ్యగానే లేచి కూర్చుంటాడే! అది చెవి కాక మరేమిటి?"

అక్క లేచి దొరను చంకనేసుకుని లోపలికి పోయింది. "వాడి మీద నీ ప్రయోగాలు చాలించు" అని లోపలి నుంచే అంది. ఆ పూట నుంచి నాతో మాటలు బందు. ఏదైనా కావాలంటే అమ్మతో చెప్పించేది.

అమ్మ ప్రశ్న నన్ను నిలవనివ్వలేదు. నిజమే, ఎలా తెలుస్తుంది? దొరను అక్క స్నానానికి తీసుకెళ్లినప్పుడు మిషను పక్కన వాడి పరుపు మీద ముడుచుకుని పడుకున్నాను. చెవుల్లో దూది కూరి, పైన రెండు దిండ్లు అదుముకున్నాను. తొక్కమని అమ్మకు చేత్తో సైగ చేశాను.

"పిచ్చి గానీ పట్టిందా?" అందేమో, పెదవులు అలా కదిలాయి. ఐనా తొక్కింది.

శబ్దం దాదాపు లేదు. కానీ చెక్క నేల మీంచి, పరుపు మీంచి, వీపులోకి, పళ్లలోకి సన్నటి వణుకు పాకింది. హాయిగా ఉంది. ఎవరో జోకొడుతున్నట్టే ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి. అంతలో అమ్మ కాలు తీసింది. ఒక్కసారిగా ఆ వణుకు పోయి నా ఒళ్లు ఒంటరిదైపోయింది. నాకు తెలియకుండానే కళ్లు తెరిచాను.

దిండ్లు తీసి చూస్తే గుమ్మంలో అక్క, తడి తువ్వాలులో దొర. నేను చెవుల్లోంచి దూది లాగుతుంటే అది చూసింది. మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. అమ్మ మాత్రం చాలాసేపు కాలు మిషను మీద పెట్టకుండా, అరచెయ్యి బల్ల మీద ఆనించి కూర్చుంది.

*

రెండు మూడు రోజులు అలాగే గడిచాయి. మేడమ్ అన్న మాట ముల్లులా గుచ్చుతోంది. పోయిన నెల మళ్లీ రాదు. కానీ అక్క తనంతట తాను కదలందే దొరను ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్తారు? బావకు ఫోను చేద్దామా అని ఒకసారి తీసి, మళ్లీ పెట్టేశాను. అక్కను దాటి చెప్పడానికి మనసొప్పలేదు.

ఒక మధ్యాహ్నం ల్యాబులో కరెంటు పోయి తొందరగా ఇంటికొచ్చాను. అమ్మ బట్టలివ్వడానికి బయటికి వెళ్లింది. లోపల గదిలో దొర పరుపు మీద కూర్చుని బొత్తాల డబ్బా మూతతో ఆడుకుంటున్నాడు. వాడి వెనక, కాస్త దూరంగా, గోడకు చేరబడి అక్క. కళ్లు మూసుకుని ఉంది. రెండు చేతుల్లో రెండు గిన్నె మూతలు. నన్ను గమనించలేదు.

కర్టెన్లు వేసి ఉన్నాయి, నీడ పడకుండా. కాళ్ల కింద మడిచిన దుప్పటి, నేల అదరకుండా. నేను ఒక్కసారి కూడా చెప్పలేదు అలా చెయ్యమని. నేను ల్యాబు కబుర్లు చెప్తున్నప్పుడు అది వింటోందని కూడా నాకు తెలియదు.

మూతలు రెండూ ఫెళ్లున కొట్టింది. నేను గుమ్మంలో అదిరిపడ్డాను. దొర డబ్బా మూతను నోట్లో పెట్టుకుని రుచి చూస్తున్నాడు.

మళ్లీ కొట్టింది. దొర మూత తిప్పి రెండో వైపు రుచి చూశాడు.

అక్క కళ్లు తెరిచింది. నన్ను చూసి కోప్పడలేదు. మూతలు ఒళ్లో పెట్టుకుని, చాలా మామూలుగా అంది.

"నేను కదల్లేదే. అసలు కదల్లేదు."

"ఊ."

"రేపు ఎన్ని గంటలకు తెరుస్తారు ఆస్పత్రి?"

*

ఆ తర్వాత కొన్ని వారాలు ఆస్పత్రి వరండాల్లోనే గడిచాయి. దొర నిద్రపోతుంటే వాడి తలకు వైర్లు అంటించి పరీక్ష చేశారు. నిద్రపుచ్చడానికి మిషను లేదుగా, అమ్మ వాడి మంచం పట్టె మీద అరచేత్తో అచ్చం మిషనులా దడదడలాడిస్తూ కూర్చుంది. రెండు చెవులూ బాగా మందమని చెప్పారు డాక్టరుగారు. పూర్తిగా పోలేదు, చెవి మిషన్లు పెడితే మాటలు అందే వీలుంది, మీరు తొందరగానే వచ్చారు అన్నారు. "తొందరగానే" అన్న మాట దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది. అంత గట్టిగా పట్టుకుంటే నొప్పి పుడుతుందని దానికి తెలియలేదు.

బావ సెలవు పెట్టి వచ్చాడు. అక్క అంతా చెప్పింది. బావ పెద్ద మనిషి, భుజాలు గుమ్మంలో పట్టవు. విని, కాసేపు గోడ వైపు చూసి, "మరి నేను ఫోనులో చెప్పినవన్నీ?" అన్నాడు. "క్రేను సంగతులు... ఆ పాట... వాడు చెవి పెట్టుకుని వినేవాడుగా?"

"ఫోను వణుకుతుంటే బుగ్గకు హాయిగా ఉండేదేమో" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

బావ కళ్లు తుడుచుకున్నాడు. అక్క అతని వీపు మీద చెయ్యేసింది. "ఏడవకు. మళ్లీ మొదట్నుంచి చెప్దువుగాని. ఆ పాట మాత్రం వద్దు."

బావకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

చెవి మిషన్లు పెట్టిన రోజు ఆస్పత్రిలో దొర గుక్కపెట్టి ఏడ్చి, వాటిని పీకబోయి, అలిసిపోయి నిద్రపోయాడు. ఇంటికొచ్చాక లేచాడు. బడులు తెరిచే రోజులు. అమ్మ చుట్టూ కుట్టవలసిన యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. ఐనా మిషను ముట్టలేదు. "ఆ మోతకు బెదిరిపోతాడే" అని కూర్చుంది. బావ గుమ్మం దగ్గర, నేను బట్టల గుట్ట పక్కన. మాట్లాడితే ఏమవుతుందోనని అందరికీ జంకు.

దొరే పాక్కుంటూ మిషను దగ్గరికి వెళ్లాడు. ఎప్పటిలాగే బల్ల కాలును పట్టుకుని నిలబడి, అరచెయ్యి చెక్క మీద ఆనించి, అమ్మ వైపు చూశాడు. తొక్కవేం అన్నట్టు.

అమ్మ అక్క వైపు చూసింది.

"తొక్కమ్మా" అంది అక్క. అని గోడకు చేరబడి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. ల్యాబులో కూర్చున్నట్టే. వాడికి తన నుంచి ఏమీ అందకూడదని. నాకూ మూసుకోవాలనే ఉంది గానీ చూడకుండా ఉండలేకపోయాను.

అమ్మ తొక్కింది.

దొర నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుని, తూలి కూలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాం. ఏడవలేదు. అరచెయ్యి మొహం దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు, తిప్పి చూసుకున్నాడు. మెల్లగా మళ్లీ చెక్క మీద పెట్టాడు. తీశాడు. పెట్టాడు. తీశాడు. ఏదో ఇదివరకు చేతిలో ఉండేది, ఇప్పుడు చెయ్యి తీసినా పోవడం లేదు. తిరుగుతున్న చక్రాన్ని చూశాడు, అమ్మ పాదాన్ని చూశాడు, గోడ మీద పత్రం దాకా తలెత్తి చూశాడు. ఎక్కడుందది? నా చూపుడు వేలు, లేని బొత్తాం మీద నొక్కి పెట్టి ఉంది.

అమ్మ కాలు అప్రయత్నంగా ఆగింది. గదిలో చడీచప్పుడు లేదు. మూసిన కళ్ల కింది నుంచి అక్క బుగ్గల మీదికి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుంటే కదిలినట్టవుతుందని తుడుచుకోలేదు.

"అయిపోయిందా?" అంది, నోరు తప్ప ఒళ్లు కదపకుండా. "ఏం చేశాడే, దొర?"

దొర వీపు అక్క వైపు ఉంది. అరచెయ్యి గాల్లో అలాగే నిలిచిపోయింది. తర్వాత తల తిరిగింది, దాని వెనక భుజం తిరిగింది, మనిషంతా అక్క వైపు తిరిగాడు.

"నువ్వు కదల్లేదక్కా" అన్నాను. "నువ్వసలు కదల్లేదు. వాడే తిరిగాడు."